పచ్చచుక్క సాక్ష్యం

మా పిన్ని కొడుకు ఇన్‌స్పెక్టరైన రోజున మా వాళ్ళంతా సంబరపడ్డారు, నేను తప్ప. చిన్నప్పుడు పరీక్షల్లో నా పక్కన కూర్చుని నా కాగితంలోకి చూసి రాసేవాడు. చూసి రాయడం కూడా సరిగ్గా వచ్చేది కాదు. లెక్క నాది దించి, జవాబు ఇంకెవరిదో రాసేవాడు. అలాంటివాడి చేతిలో హత్య కేసు పెడితే ఏమవుతుందో ఆ ఉదయం పళ్ళ ల్యాబ్‌లో అడుగుపెట్టగానే అర్థమైంది.

"రా అక్కయ్యా," అన్నాడు కుర్చీలోంచి లేవకుండా. "కేసు అయిపోయింది. సాయంత్రం అమ్మాయిని కోర్టులో పెడుతున్నా. ఇక్కడ నువ్వు చూడ్డానికి ఏమీ మిగల్లేదు."

"నువ్వు చూసి వదిలేసిన చోట చాలా మిగులుతుందిరా," అన్నాను.

అది కట్టుడుపళ్ళు తయారుచేసే ల్యాబ్. మేడ మీద రెండు గదులు. డెంటిస్టులు రోగుల నోటి అచ్చులు తీసి పంపిస్తే, ఇక్కడ మైనంతో పళ్ళు చెక్కి, పోత పోసి, సెట్టు తయారుచేసి తిరిగి పంపుతారు. దాన్ని నడిపే పెద్దాయన నిన్న ఉదయం కిటికీ పక్కనున్న బల్ల కింద తల పగిలి, ప్రాణం పోయి కనిపించాడు. కొట్టింది పళ్ళ సెట్టు బిగించే ఇత్తడి దిమ్మతో. పని కానిచ్చి, తుడిచి, శవం పక్కనే పెట్టి పోయారు. మొదట చూసింది ఆయన మేనకోడలు. అక్కడే పనిచేస్తుంది. పదింబావుకి వచ్చి, తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసుకుని, చూసి, కేక పెట్టింది. ఆ కేకకి వచ్చినవాళ్ళే ఆమెను పోలీసులకి అప్పగించారు.

నన్ను పిలిచింది ఆ అమ్మాయి తల్లి, పెద్దాయనకి సొంత చెల్లెలు. "మా అన్న పోయాడమ్మా. ఇప్పుడు నా కూతుర్ని కూడా పట్టుకుపోతారా," అని నిన్న నా డిటెక్టివ్ ఆఫీసులో కూర్చుని ఏడ్చింది. ఏడ్చేవాళ్ళని చూస్తే నాకు జాలికంటే ముందు చిరాకు వస్తుంది. అయినా కేసు తీసుకున్నాను. ఏడుపు చూసి కాదు, దర్యాప్తు చేస్తున్నది ఎవరో తెలిసి.

"చెప్పు, ఎలా తేల్చావు?" అన్నాను.

మావాడు వేళ్ళు మడిచాడు. "పదింటికి మనిషి బతికే ఉన్నాడు. కంప్యూటర్ ఆన్ చేసి చాట్‌లోకి వచ్చాడు. ఆయన పేరు పక్కన పచ్చచుక్క వెలిగింది. అది ఆయన తమ్ముడు క్లినిక్‌లో కూర్చుని ఫోన్‌లో చూశాడు. పక్కనున్న డెంటిస్టుకీ చూపించాడు. పదింబావుకి ఈ పిల్ల వచ్చింది. పది తర్వాత ఇంకెవరూ మెట్లెక్కలేదని వాచ్‌మన్ చెప్తున్నాడు. పైగా ల్యాబ్ తన తర్వాత ఆ పిల్లకే ఇస్తానని పెద్దాయన నలుగురి ముందూ అన్నాడు. ఆగలేకపోయింది. ఇంకేం కావాలి?"

"డాక్టరేమన్నాడు?"

"ఆయన వచ్చేసరికి మధ్యాహ్నమైంది. ఎనిమిదికి పోయుండొచ్చు, పది దాటాక పోయుండొచ్చు, చెప్పలేనన్నాడు."

"అంటే నీ కేసంతా ఒక చుక్క మీద నిలబడింది."

"చుక్క చాలు అక్కయ్యా. చూసినవాళ్ళు ఇద్దరున్నారు."

ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం. వాడితో వాదించడం దండగనిపించి కిటికీ దగ్గరికి వెళ్ళాను.

బల్ల మీద చెక్కడం సగంలో ఆగిన మైనపు పన్ను ఒకటి ఉంది. పక్కన సన్నని కత్తి, స్పిరిట్ దీపం. దీపం ఎత్తి ఊపి చూశాను. చుక్క లేదు. వత్తి గొట్టం దాకా కాలి బొగ్గయింది. ఎవరూ ఆర్పలేదు, స్పిరిట్ అయిపోయేదాకా వెలిగి అదే ఆరింది. సీసా నిండా స్పిరిట్ పక్కనే ఉంది. మైనం పనివాడు ఎవడూ వత్తి కాలిపోతుంటే చూస్తూ కూర్చోడు. అంటే దీపం ఆరేసరికి చూసేవాడు లేడు.

"ఇది నిన్న నువ్వు వచ్చేసరికి వెలుగుతోందా?"

"లేదే. ఆరిపోయే ఉంది."

"ఇంత దీపం పూర్తిగా తాగాలంటే గంట పైనే పడుతుంది. మరి నీ లెక్కప్రకారం మనిషి పదింటికి కంప్యూటర్ ముందున్నాడు. శవం మాత్రం ఇక్కడ, ఆ మూలనుంచి ఈ మూలకి. వచ్చి ఇక్కడ పడి చచ్చాడా?"

"దీపానికి ముందే స్పిరిట్ తక్కువుందేమో. వత్తి పాతదేమో. నువ్వు ప్రతిదానికీ తోకలు అతికిస్తావు," అన్నాడు.

అప్పుడు విన్నాను, వెనకాల సన్నగా ఫ్యాన్ రొద. అవతలి మూలలో కంప్యూటర్ ఆన్‌లో ఉంది.

"ఎవరు ఆన్ చేశారు దీన్ని?"

"ఎవరూ చెయ్యలేదు. ఇందాక సీలు తీసి లోపలికి వచ్చేసరికే ఉంది. నిన్న మావాళ్ళు కాపీ తీసుకున్నాక ఆపడం మర్చిపోయుంటారు."

"రాత్రి ఈ బిల్డింగుకి కరెంటు మెయిన్ తీసేస్తారని తెలుసా నీకు?"

తెలియదు. ముఖం చూస్తేనే తెలుస్తోంది. నాకూ తెలియదు, మెట్లెక్కుతున్నప్పుడు వాచ్‌మన్ గది దగ్గర అతికించిన నోటీసు చదివే దాకా. వాచ్‌మన్‌ని పైకి పిలిపించాను.

"ఓనరు గారి ఆర్డరండి," అన్నాడు వాచ్‌మన్. "సాయంత్రం అందరూ పోయాక మెయిన్ తీసేస్తాను. పొద్దున పదింటికి డ్యూటీ ఎక్కుతూనే వేస్తాను. నిన్నా అంతే, ఇవాళా అంతే."

"పెద్దాయన ఎన్నింటికి వచ్చేవాడు?"

"ఎనిమిదికల్లా వచ్చేసేవారంట. నేను ఎప్పుడూ చూళ్ళేదండి. కిటికీ వెలుతుర్లో మైనం పని చేసుకుంటారు. దానికి కరెంటు అక్కర్లేదుగా."

"మరి పదికి ముందు మెట్లెక్కినవాళ్ళని ఎవరు చూస్తారు?"

"ఎవరూ చూడరండి."

మావాడు వాచ్‌మన్‌ని గుచ్చి గుచ్చి అడిగింది పది తర్వాత సంగతి. పదికి ముందు సంగతి అడగాలని తట్టలేదు. చుక్క వెలిగింది పదికి కదా, ఇంక ఎనిమిదితో పనేముంది. కాలిన వత్తి కళ్ళముందున్నా చూడని మనిషికి గంటలు గుర్తుంటాయా.

పక్క గదిలో పెద్దాయన తమ్ముడు కూర్చుని ఉన్నాడు. క్లినిక్కుల చుట్టూ తిరిగి ఆర్డర్లు తెచ్చేది ఇతనే. చిన్నాయన అంటారు. ఇస్త్రీ చొక్కా, మడత నలగని చేతిరుమాలు. ఆ రుమాలు పొడిగానే ఉంది గాని కళ్ళకి అద్దుకోవడం మాత్రం ఆపడం లేదు.

"నిన్న ఎక్కడున్నారు?"

"తొమ్మిదినుంచీ క్లినిక్‌లోనే మేడం. డాక్టర్ గారు, నర్సులు, అందరూ చూశారు. పదకొండుకి ఫోనొస్తే అక్కణ్ణుంచే పరిగెత్తుకొచ్చాను."

"చుక్క సంగతి చెప్పండి."

"పదింటికి అన్నయ్య పేరు పక్కన వెలిగింది మేడం. డాక్టర్ గారికి చూపించాను కూడా. 'గడియారమైనా తప్పుతుందేమో గాని మా అన్నయ్య తప్పడు సార్, పదయ్యేసరికి కంప్యూటర్ ముందుంటాడు' అని."

"రోజూ చూపిస్తారా డాక్టరు గారికి?"

"అబ్బే. నిన్న ఏదో మాటల్లో వచ్చి."

"ఫోన్ ఇలా ఇవ్వండి."

ఇచ్చాడు. అన్నదమ్ముల చాట్ తెరిచి పైకి జరుపుకుంటూ వెళ్ళాను. ప్రతి ఉదయం ఇతను ఏదో ఒకటి పంపేవాడు. పెద్దాయన జవాబులు ఒక్కటి కూడా మధ్యాహ్నం భోజనానికి ముందువి కావు.

"పదింటికల్లా చాట్‌లో ఉండే మనిషి ఒక్కరోజైనా పూట దాటకుండా జవాబివ్వలేదేం?"

"పనిలో పడి చూసుకోడు మేడం. చాట్‌దేముంది, కంప్యూటర్ ఆన్ చెయ్యగానే దానంతటదే వచ్చేస్తుందిగా."

"ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి మేడం. అన్ని కంప్యూటర్లూ అంతే కదా."

"మీకు కంప్యూటర్ రాదని ఇన్‌స్పెక్టర్‌కి చెప్పారట."

"నిజంగానే రాదు. ఆన్ చెయ్యడం కూడా తెలీదు. నాకు ఈ ఫోనే గతి."

ఆన్ చెయ్యడం తెలీదు గాని, ఆన్ చేస్తే ఏమొస్తుందో తెలుసు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఇతనికి అలవాటైన వినేవాడు మా పిన్ని కొడుకు మరి. "నాతో రండి," అని కంప్యూటర్ దగ్గరికి తీసుకెళ్ళాను. మావాడు కూడా విసుక్కుంటూ వచ్చి నిలబడ్డాడు.

కంప్యూటర్‌కి పాస్‌వర్డ్ లేదు. దాచుకోడానికి నా దగ్గర ఏముంది, ప్లాస్టర్ పళ్ళు తప్ప అనేవాడట పెద్దాయన. టాస్క్ మేనేజర్ తెరిచి, స్టార్టప్ అన్న చోట నొక్కాను. కంప్యూటర్ లేవగానే తమంతట తాము లేచే ప్రోగ్రాముల పేర్లన్నీ అక్కడ వరసగా వచ్చాయి.

"ఏంటిది?" అన్నాడు మావాడు.

"పిలవని పేరంటం," అన్నాను. "కంప్యూటర్ తలుపు తీయగానే లోపలికి దూరే సరుకంతా ఇక్కడుంటుంది. ప్రింటర్ తాలూకు ఒకటి, పాటలది ఒకటి, ఎప్పుడో ఒకసారి వాడి మర్చిపోయిన ఫొటోలది ఒకటి. నువ్వు పిలవవు. ఎక్కించిన రోజున అవే పేరు రాయించుకుని రోజూ వచ్చి కాళ్ళు చాపుకుని కూర్చుంటాయి. అసలు పని చెయ్యాల్సినదానికి చోటుండదు. కంప్యూటర్ నత్తలా నడుస్తోంది, పాతబడిపోయిందని నీలాంటివాడు కొత్తది కొంటాడు. బుద్ధున్నవాడు ఈ లిస్టు తెరిచి, అక్కర్లేనివాటి మీద నొక్కి, డిసేబుల్ చేస్తాడు. ప్రోగ్రాం ఎక్కడికీ పోదు. కావాలనుకున్నప్పుడు తెరిస్తే వస్తుంది. పిలవకపోతే రాదు, అంతే. పెద్దాయన ఏం చేశాడో చూడు."

అన్నిటికీ ఎదురుగా ఒకటే మాట. డిసేబుల్డ్, డిసేబుల్డ్, డిసేబుల్డ్. ఆయన చెల్లెలు నిన్న ఏడుపు మధ్యలో చెప్పింది నిజమే. కొత్త ప్రోగ్రాం ఏది ఎక్కించినా ముందు ఈ లిస్టులోకి వచ్చి దాని పీక నొక్కిగాని ఆయన టీ తాగేవాడు కాదట. వైరస్‌లని పట్టే కాపలా ప్రోగ్రాంని కూడా వదల్లేదు. అది మాత్రం శుద్ధ తెలివితక్కువ పని. కాపలావాణ్ణి ఇంటికి పంపేసి ఇంట్లో చోటు మిగిలిందని మురిసిపోవడమే. ఆయన బతికుంటే మొహం మీదే అనేదాన్ని.

"అన్నీ ఆపేసి ఉన్నాయి. అయితే?" అన్నాడు మావాడు.

"అన్నీ కాదు. చివరిది చదువు."

వంగి చదివాడు. చాట్ ప్రోగ్రాం. ఎనేబుల్డ్.

"కాపలావాణ్ణే లోపలికి రానివ్వని మనిషి కబుర్ల ప్రోగ్రాంకి తలుపు తీసి పెడతాడా? జవాబులన్నీ భోజనం వేళకి ఎందుకొచ్చేవో ఇప్పుడు తెలిసిందా? పొద్దుటి పని అయ్యాక తీరిగ్గా తనే తెరిచేవాడు. చుక్క రోజూ పదింటికి వెలిగేది కాదు. నిన్న ఒక్కరోజే వెలిగింది."

"ఆయనే మనసు మార్చుకుని పెట్టుకున్నాడేమో. పెట్టుకోకూడదని చట్టముందా? ఆన్ చేసింది మాత్రం ఆయనే కదా. నీ లిస్టు ఏదైనా కానీ, బటన్ నొక్కడానికి చెయ్యి కావాలి అక్కయ్యా. చచ్చినవాడు నొక్కడు."

నొక్కక్కర్లేదు. చేత్తో చూపిస్తే తప్ప అర్థం కాని బుర్రకి మాటలు ఖర్చుపెట్టడం దేనికని కంప్యూటర్‌ని ఆపేశాను. చిన్నాయన ఫోన్‌ని అందరికీ కనిపించేలా బల్ల మధ్యలో పెట్టాను. వాచ్‌మన్‌ని కిందికి పంపి మెయిన్ తీసి, కాసేపాగి మళ్ళీ వెయ్యమన్నాను. "ఎవరూ కదలొద్దు. చేతులు కట్టుకుని నిలబడండి," అన్నాను.

లైట్లు ఆరాయి. మళ్ళీ వెలిగాయి. మా ముగ్గురి చేతులూ మా దగ్గరే ఉన్నాయి. కంప్యూటర్ ఫ్యాన్ తిరగడం మొదలైంది. తెర వెలిగింది. కరెంటు రాగానే దానంతటదే లేచేలా కూడా ఎవరో అమర్చి పెట్టారు. కొంచెంసేపటికి బల్ల మీద ఫోన్ టింగుమంది.

అన్నయ్య. ఆన్‌లైన్. పక్కన పచ్చచుక్క.

చిన్నాయన ఒకడుగు వెనక్కి వేశాడు. మావాడు ఫోన్‌నీ కంప్యూటర్‌నీ మార్చి మార్చి చూశాడు. పాపం, రెండింటిలో ఏది నేరస్థుడో తేల్చుకోలేకపోతున్నట్టున్నాడు.

"నిన్న పదింటికి వాచ్‌మన్ మెయిన్ వేశాడు. చుక్క వెలిగింది. అంతే జరిగింది. అప్పటికే పెద్దాయన అక్కడ పడి ఉన్నాడు, దీపం కాలుతూ ఉంది. చంపింది ఎనిమిది తర్వాత, చెయ్యి కడుక్కుని తొమ్మిదికల్లా క్లినిక్‌కి చేరేంత తీరికగా."

"నన్నంటున్నారా మేడం?" అన్నాడు చిన్నాయన.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు. నేనింకా ఎవరి పేరూ ఎత్తలేదు. అప్పటికి వాచ్‌మన్ ఆయాసపడుతూ పైకి వచ్చాడు. "ఈమధ్య సెలవు రోజున ఎప్పుడైనా మెయిన్ వేశావా?" అని అడిగాను.

"మొన్ననే, ఆదివారం వేశానండి. చిన్నాయన గారూ, ఆ అమ్మాయీ వచ్చారు. ఏదో కంప్యూటర్ పనుందని."

మావాడు హుషారుగా నిటారయ్యాడు. చిన్నాయన కూడా ఒక్కసారిగా తేలికపడ్డట్టు కనిపించాడు. "అవును, వచ్చాం. పెట్టింది ఆ పిల్లే. చాట్, కరెంటుది, అన్నీ తనే పెట్టింది. నేను ఇక్కడ కూర్చుని టీ తాగుతున్నా. నాకేం తెలుసు మేడం అందులో? అడగండి కావాలంటే."

"చూశావా అక్కయ్యా," అన్నాడు మావాడు. "తిరిగి తిరిగి ఎక్కడికొచ్చింది? పన్నాగం కూడా ఆ పిల్లదే. నాకు సాక్ష్యం దొరకబెట్టి పెట్టావు, థాంక్స్."

వాణ్ణి కన్నందుకు మా పిన్నిని తలుచుకుని జాలిపడ్డాను. "ఒరేయ్, ఒక్కసారి బుర్ర పెట్టు. ఆ చుక్క ఎవరిని కాపాడింది? పదింటికి పెద్దాయన బతికున్నాడని లోకం నమ్మితే ఎవరికి లాభం? పదింటికి ఇంకెక్కడో నలుగురి మధ్య కూర్చున్నవాడికి, ల్యాబ్ తనకి కాకుండా మేనకోడలికి పోతోందని మండిపడేవాడికి. ఆ పిల్లే చంపి ఉంటే, చుక్క వెలిగించుకుని, పదింబావుకి తనే నడుచుకుంటూ వచ్చి నీ చేతికి చిక్కుతుందా? తన మెడకి తనే ఉరి పేనుకునేంత తెలివితక్కువదైతే ఆమెకి ఈ సెట్టింగులు చేతకావు. అవి చెయ్యగలిగిందంటే అంత తెలివితక్కువది కాదు. ఎవరో అడిగారు, చేసింది. పెద్దాయనకి మోకాళ్ళ నొప్పులు, బల్ల కిందికి వంగి బటన్ నొక్కలేకపోతున్నాడని చెప్పి ఉంటారు. మామయ్య చెప్పాడు కదా అని ఆ పిల్ల చేసి ఉంటుంది. దానికి, దీనికి సంబంధం ఉందని ఆమెకి ఇప్పటికీ తెలీదు. తెలిస్తే నీకు మొదటి మాటే అది చెప్పేది."

మావాడి మొహంలో ఏదో కదలడం జన్మలో మొదటిసారి చూశాను.

"అమ్మాయిని ఇక్కడికి తీసుకురమ్మను," అన్నాను. "ఒక్క ప్రశ్న అడుగుతా. ఆదివారం ఆ పని చెయ్యమని ఎవరడిగారని. ఆమె నోటినుంచి ఒక్క పేరు వస్తే చాలు, సాయంత్రం కోర్టుకి వేరే మనిషిని తీసుకెళ్తావు."

మావాడు కదల్లేదు.

"ఏంట్రా?"

"స్టేషన్‌లో లేదు అక్కయ్యా."

"మరెక్కడుంది?"

"రాత్రి లేడీ స్టాఫ్ ఎవరూ లేరు. ఆడవాళ్ళని ఉంచకూడదు. పూచీ ఇస్తే పంపించా." కళ్ళతో చిన్నాయనని చూపించాడు. "ఈయనింటికే. సొంత మేనమామ, తనే వచ్చి పూచీ రాసిచ్చాడు కదా అని."

అప్పటిదాకా నాకున్న వెటకారమంతా ఎటు పోయిందో పోయింది. భయం వేసింది. ఆ ఒక్క పేరు చెప్పగల నోరు లోకంలో ఒకటే ఉంది. దాన్ని తీసుకెళ్ళి ఆ పేరుగలవాడి ఇంట్లోనే పెట్టాడు వీడు.

"మీ ఇంటికి ఫోన్ చెయ్యండి," అన్నాను చిన్నాయనతో. "అమ్మాయిని పిలవండి. నేను మాట్లాడాలి."

అతను రుమాలు నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఇక దాని అవసరం లేదన్నట్టు.

"రాత్రంతా ఏడుస్తూనే ఉంది మేడం. నా వల్లే పోయాడు, నేను బతకను అంటూ. మా ఆవిడ కూడా విన్నది. పక్కింటివాళ్ళు కూడా విన్నారు. చూడలేక పొద్దున కాసిని పాలు తాగించి పడుకోబెట్టాం."

"లేపమనండి."

"ఇప్పుడు లేవదు మేడం."

"పాలల్లో ఏం కలిపారు?" అన్నాడు మావాడు. అతని చొక్కా కాలరు వాడి పిడికిట్లో ఉంది.

నేను అంబులెన్స్‌కి నంబరు నొక్కుతూనే గుమ్మం దాటాను. అవతలివాళ్ళు ఫోన్ ఎత్తారు, అడ్రసు అడుగుతున్నారు. రెండేసి మెట్లు దిగుతున్నాను. వెనక గదిలోంచి చిన్నాయన గొంతు వినిపించింది. అందులో కంగారు లేదు, ఏడుపు లేదు.

"మెల్లగా దిగండి మేడం. తొందరేం లేదు."